తప్పులు: సున్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా ఆయన అలిస్టర్ రోజుకోసారైనా అంటాడు, నేను కాదనను. జీతమిచ్చే ఆఫీసులో ఆ కోపాన్ని జేబులో పెట్టుకుని పనిచేస్తాను. జీతం రాని ఉద్యోగం ఇంకొకటుంది, అక్కడ మాత్రం దాచుకోను. ఊరికే చేసే చాకిరీకి మళ్ళీ మర్యాదలు కూడానా?

ఆ రెండో ఉద్యోగం పేరు టీచెస్ట్. పూర్వం మావాళ్ళు ఇల్లు మారేటప్పుడు తేయాకు వచ్చిన చెక్కపెట్టెల్లో సామాను సర్దుకునేవారు, ఆ పేరే పెట్టాను. ఏళ్ళ తరబడి బ్లాగు రాసినవాళ్ళు ఆ సైటు వదిలిపెట్టాల్సి వస్తే, రాసినదంతా ఒక్క పెద్ద ఫైలుగా దించుకుంటారు. అది మనిషి చదివేలా ఉండదు. గుర్తులూ అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా ఉంటాయి. దాన్ని విప్పి, ఇదీ పోస్టు, ఇదీ తేదీ, ఇదీ కింద చుట్టాలు రాసిన వ్యాఖ్య అని విడదీసి చేతికిచ్చే కోడ్ లైబ్రరీ నాది. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. పదకొండేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున, న్యూజిలాండ్ దక్షిణాన పోర్ట్ చామర్స్‌లోని మా వంటింటి బల్ల దగ్గర టీ కప్పు పెట్టుకుని కూర్చుంటాను. వచ్చిన ఫిర్యాదులు చదివి సగం మందికి జవాబు చెప్తాను, సగం మందిని కసురుకుంటాను.

ప్రోగ్రాములు రాసే మావాళ్ళలో ఒక పాత ఆచారం ఉంది. పని సవ్యంగా సాగుతున్నంతసేపూ ప్రోగ్రాం నోరెత్తకూడదు. ఊరికే వాగే ప్రోగ్రామంటే మాకు చిన్నచూపు. టీచెస్ట్‌నూ అలాగే పెంచాను. ఫైలంతా చదివాక అది ఒక్క వాక్యం చెప్తుంది: ఇన్ని పోస్టులు చదివాను, ఇన్ని తప్పులు. చివర 'తప్పులు: సున్నా' అని కనిపిస్తే నాకు కడుపు నిండిపోయేది.

ఈ ఏడాది మార్చిలో ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినామె పేరు అరిహియా డేమండ్.

"కియా ఓరా. నాకు కంప్యూటర్ల గురించి పెద్దగా తెలీదు, ఏమనుకోకండి. మాది ఛాతమ్ దీవులు. నేను టిమారులో చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా అమ్మ లోర్నా పన్నెండేళ్ళు బ్లాగు రాసింది. ఆ సైటు మూసేస్తున్నారని తెలిసి, కిందటేడు క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రి మంచం మీంచే ఫైలు దించుకుని యూఎస్‌బీ స్టిక్‌లో వేసి నా చేతిలో పెట్టింది. సెప్టెంబరులో పోయింది. బ్లాగుల్ని పుస్తకంగా మార్చే ప్రోగ్రాంలో ఆ ఫైలు వేస్తే ముప్ఫై ఒక్క పోస్టులే వచ్చాయి. అన్నీ ఆసుపత్రిలో రాసినవే. ఇంటి దగ్గర రాసింది ఒక్కటీ లేదు. ఫైలు చదివేది మీ టీచెస్టేనట, మిమ్మల్నే అడగమన్నారు. ఫైలు నాలుగు ఎంబీ ఉంది. మిగతావి ఎక్కడున్నాయో చెప్తారా? ఆ సైటు ఇప్పుడు లేదు."

దాని కింద టీచెస్ట్ చెప్పిన వాక్యం పెట్టింది. చదివిన పోస్టులు: 31. తప్పులు: సున్నా.

నేనిచ్చిన జవాబు ఇంకా అక్కడే ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "తప్పులు సున్నా అంటే ఫైల్లో ఉన్నదంతా టీచెస్ట్ చదివిందని అర్థం. మిగతా పోస్టులు ఫైల్లో లేవు. దించుకునే ముందు పాతవి చెరిపేసుకోవడం చాలామంది చేసే పనే. మీ అమ్మగారూ అదే చేసి ఉంటారు. మీకు నా సానుభూతి." అలా రాసి, ఫిర్యాదు పరిష్కారమైందని గుర్తుపెట్టి మూసేశాను.

ఆమె ఒక్క వాక్యం రాసింది. "అమ్మే చెరిపేసిందన్నమాట. సరే, థాంక్స్." దానికి నేను బొటనవేలి బొమ్మ పెట్టి, తరవాతి ఫిర్యాదుకి వెళ్ళిపోయాను.

ఆగస్టు నెలాఖరులో, ఒక శనివారం, ఖాట్మండు నుంచి బిశ్వో తులాధర్ అనే ఆయన ఒక సవరణ పంపాడు. దానితోపాటు ఉత్తరం.

"మేడమ్‌గారూ, మా నేపాల్ బ్లాగులేవీ మీ లైబ్రరీకి ఆనవు. ఎన్ని పోస్టులున్నా చదివినవి సున్నా, తప్పులూ సున్నా. మేమేం పాపం చేశామా అని వారం రోజులు వెతికాను. మా గడియారం గ్రీనిచ్ కంటే అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు ముందుంటుంది. మీరు ఆ నలభై అయిదుని ఒప్పుకోవడం లేదు. ఒక్క లైను మార్చి పంపుతున్నాను. దయచేసి మమ్మల్ని కూడా ఈ భూమ్మీద కలుపుకోండి."

వెటకారం చూశారా! ముందు ఒళ్ళు మండింది. తరవాత ఆ లైను తీసి చూశాను. పదకొండేళ్ళ కిందట నా చేతులతో నేను రాసిన లైనే. బ్లాగు ఫైల్లో ప్రతి పోస్టుకీ తేదీ, సమయం, దాని పక్కన ఆ ఊరి గడియారం గ్రీనిచ్ కంటే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు ముందో వెనకో ఉంటుంది. ఆ నిమిషాలు సున్నా అయినా అయ్యుండాలి, ముప్ఫై అయినా అయ్యుండాలి అని రాశాను. మరింకేం కనిపించినా ఆ తేదీ చెల్లదు, ఆ పోస్టుని వదిలేసి ముందుకి పో అన్నాను. పైగా దాన్ని తప్పుల్లో లెక్కపెట్టవద్దన్నాను. తేదీ లేని చిత్తుప్రతులు ప్రతి ఫైల్లోనూ డజన్ల కొద్దీ ఉంటాయి, వాటన్నిటికీ ఫిర్యాదు చేస్తే ప్రోగ్రాం వాగుడుకాయ అవుతుందని అప్పటి నా తెలివి.

అలిస్టర్ పొయ్యి దగ్గర చీజ్ రోల్స్ చుడుతున్నాడు. రగ్బీ క్లబ్బు చందా కోసం ఆరు డజన్లు ఒప్పుకుని వచ్చాడు మహానుభావుడు.

"నలభై అయిదు నిమిషాలట!" అన్నాను. "గడియారాన్ని అలా ఎవరైనా పెట్టుకుంటారా?"

"ఎందుకు పెట్టుకోరు? ఛాతమ్స్ వాళ్ళు పెట్టుకోలేదూ?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "టిమారు రేవులో వాళ్ళ సరుకు ఓడ నింపినన్నాళ్ళూ ఆ ముప్పావుగంటతో చచ్చాం కదా. వాళ్ళు తొమ్మిదంటే మనకి ఎనిమిదీ పావు."

చిన్నప్పటినుంచీ రేడియోలో కార్యక్రమం ఏ టైముకో చెప్పి, ఛాతమ్స్‌లో ముప్పావుగంట తరవాత అని అనడం కొన్ని వేలసార్లు విన్నాను. అడిలైడ్‌కి అరగంట తేడా అని గుర్తుపెట్టుకుని ముప్ఫై రాసిన దాన్ని, మా దేశంలోనే ఉన్న దీవుల్ని మర్చిపోయాను. చివరికి ఖాట్మండు మనిషి చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు ఛాతమ్స్ అన్న మాట వెనకాలే అరిహియా పేరు గుర్తొచ్చింది.

మూసేసిన ఫిర్యాదు వెతికి తెరిచాను. లోర్నా ఆసుపత్రికని క్రైస్ట్‌చర్చ్ వచ్చినప్పుడు ఆమె చేతిలోని ఫోనో టాబ్లెట్టో అక్కడి గడియారం పట్టుకుని ఉంటుంది. అందుకే ఆ ముప్ఫై ఒక్కటీ చదివింది నా టీచెస్ట్. ఇంటి దగ్గర రాసిన ప్రతి పోస్టు పక్కనా నలభై అయిదు ఉండి ఉంటుంది. అన్నిటినీ చప్పుడు చేయకుండా అవతల పారేసింది. నాలుగు ఎంబీ అని ఆ అమ్మాయి పాపం చెప్పనే చెప్పింది. బొమ్మల్లేని ముప్ఫై ఒక్క పోస్టులకి నాలుగు ఎంబీ ఎలా అవుతుందని అడగాల్సింది నేను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళాయె, ఎందుకడుగుతాను? కింద నేను పెట్టిన ఆ బొటనవేలి బొమ్మ చూస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఏమైంది? మొహం అలా పెట్టావేం?" అన్నాడు అలిస్టర్.

"ఒకమ్మాయికి వాళ్ళమ్మ గురించి అబద్ధం చెప్పాను."

చేతులు తుడుచుకుని వచ్చి, నా భుజం మీంచి మొత్తం చదివాడు.

"నాకు తెలీదమ్మా అని రాసి ఉంటే పోయేది కదే, మోరాగ్."

"తెలీదనడం నాకు చేతకాదని నీకు తెలీదా?"

"ముప్ఫై ఏళ్ళుగా తెలుసు," అన్నాడు.

బిశ్వో సవరణ అప్పటికప్పుడు కలిపేశాను. మామూలుగా అయితే ఖాళీలు ఎక్కువున్నాయి, కామా పక్కకి జరుపు అని నాలుగుసార్లు తిప్పి పంపేదాన్ని. ఆరోజు ఆయనకి దణ్ణం పెట్టి తీసుకున్నాను. వదిలేసిన ప్రతి పోస్టునీ ఇకమీదట లెక్కపెట్టి చెప్పేలా ఇంకో లైను నేను రాశాను. తరవాత అరిహియా ఫిర్యాదు కింద, నేను చెప్పింది తప్పు, దయచేసి ఫోన్ చెయ్యి అని నంబరు పెట్టాను.

ఆదివారం జవాబు లేదు. సోమవారం లేదు. మూసేసిన ఫిర్యాదు ఎవరు చూస్తారు? మంగళవారం ఆఫీసులో పని మానేసి టిమారు చేపల ఫ్యాక్టరీలకి వరసగా ఫోన్లు చేశాను. మూడోచోట ఎత్తినామె, అరిహియా చేపలు కోసే లైనులో పనిలో ఉంది, ఏం కావాలని అడిగింది. టీచెస్ట్ గురించి అన్నాను. చెప్తాలెండి అని పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది. వెనకాల యంత్రాల రొద.

"హలో, మా ఆఫీసులో నంబరిచ్చారు. పాత పెట్టెలు అమ్ముతారట. నాకొద్దండీ, నేనుండేదే ఒక్క గదిలో."

"పెట్టెలు కాదమ్మా. మార్చిలో మీ అమ్మ బ్లాగు గురించి రాశావు, గుర్తుందా? జవాబిచ్చింది నేనే. మోరాగ్‌ని."

పక్కనెవరికో ఆగమని చెప్పింది.

"అమ్మ చెరిపేసిందన్నారు మీరు."

"అన్నాను. తెలీకుండా అన్నాను. ఫైలు నేను చూడనే లేదు. మీ దీవుల గడియారం నలభై అయిదు నిమిషాల తేడాతో ఉంటుంది చూడు, దాన్ని నా కోడ్ ఒప్పుకోలేదు. ఆ గడియారంతో రాసిందేదైనా పక్కకి తోసేసి, తప్పులు సున్నా అని చెప్పింది. ఆ సున్నాని నేను నమ్మాను, నిన్నూ నమ్మించాను."

"అంటే... ఇంట్లో రాసినవి మాత్రమే..."

"అవునమ్మా."

తలుపు వేసిన చప్పుడయింది, రొద తగ్గింది. బయటికి వచ్చినట్టుంది.

"ఆంటీ, మీకో సంగతి తెలుసా?" అంది. ఆంటీ అనడం వాళ్ళ దీవుల మర్యాద. కోపంలో కూడా వదల్లేదు. "ఈ శనివారం మా అమ్మ సమాధి రాయి మీద గుడ్డ తీస్తున్నారు. ఏడాది నిండాక అలా తీయడం మా ఆచారం, అందరూ వస్తున్నారు. నేను రానని మామయ్యకి చెప్పేశాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంటి? అమ్మా నేనూ కలిసి రొయ్యల బోటు నడిపేవాళ్ళం. నాలుగేళ్ళ క్రితం సీజన్ మధ్యలో పోట్లాడి, బోటు దిగి న్యూజిలాండ్ వచ్చేశాను." ఛాతమ్స్ వాళ్ళు న్యూజిలాండ్ అంటే ఏదో పరాయి దేశం పేరులా ఉంటుంది. "తరవాత ఆసుపత్రిలో రోజూ పక్కనే కూర్చున్నా. ఎండా వానా తప్ప ఇంకో మాట మాట్లాడుకుంటే ఒట్టు. పోయే ముందు ఆ స్టిక్ ఇచ్చి, అన్నీ ఇందులో ఉన్నాయి, చదువుకో అంది. తీరా చూస్తే నేనున్న ఏళ్ళన్నీ మాయం. నన్ను తుడిచేసి మరీ చేతిలో పెట్టిందనుకున్నా. ఇంకే మొహం పెట్టుకుని వెళ్ళి ఆ రాయి ముందు నిలబడమంటారు?"

అయిదు వాక్యాల జవాబు అది. టీ చల్లారకముందే రాసేశాను.

"ఫైలు పంపు తల్లీ. కోడ్ దిద్దాను. ఈసారి అన్నీ వస్తాయనుకుంటున్నా."

"అనుకుంటున్నారా? అప్పుడేమో అంత గట్టిగా చెప్పారు?"

"అప్పుడు అలా చెప్పి ఉండకూడదు. ఇప్పుడు కూడా నాకు తెలీదు. చూశాక చెప్తాను."

"శుక్రవారం విమానం ఒక్కటే ఉంది," అంది, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు. "సరే, డ్యూటీ దిగాక పంపుతా."

సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను. నాలుగు గంటలకి ఫైలు వచ్చింది. టీచెస్ట్‌కి ఇచ్చాను. ఒక్క క్షణంలో చెప్పింది. చదివిన పోస్టులు: 618. వదిలేసినవి: సున్నా. తప్పులు: సున్నా. ఈసారి ఆ సున్నాల్ని నమ్మలేదు. ఫైలుని మామూలు ఎడిటర్‌లో తెరిచి, పోస్టు మొదలయ్యే గుర్తు ఎన్నిసార్లు ఉందో వేరేగా లెక్కపెట్టించాను. ఆరువందల పద్దెనిమిదే. మళ్ళీ ఇంకోసారి పెట్టించాను.

సంతోషించాల్సింది పోయి భయం పట్టుకుంది. అందులో ఏముందో? కూతురు బోటు దిగి వెళ్ళిపోయాక ఆ తల్లి కడుపుమంటతో ఏం రాసిందో? చెరిపేసి ఉంటేనే నయం అనిపించే మాటలుంటే, అవి పంపే దాన్నీ నేనే కదా. ఒక్క పోస్టు చూద్దామని చెయ్యి వెళ్ళింది.

"చదవకు," అన్నాడు అలిస్టర్. "అది ఆ పిల్లకి వాళ్ళమ్మ ఇచ్చింది."

"ఊరికే, మంచివో కాదో..."

"మంచివి కాకపోతే ఏం చేస్తావు? మళ్ళీ దాచేస్తావా?"

అప్పుడప్పుడు ఇలాంటి మాటలంటాడు, అందుకే భరిస్తున్నాను. చదవలేదు. తేదీల వరసన సర్ది, మామూలుగా చదువుకునేలా చేసి పంపించేశాను.

అయిదయింది, ఆరయింది, ఫోన్ లేదు. అలిస్టర్ వేయించిన గొర్రెమాంసం చాప్స్ ముందు పెట్టుకుని ఫోన్ పక్కనే కూర్చున్నాను. ఏడు దాటాక మోగింది. ఎత్తితే అవతల ఏడుపో నవ్వో తెలియని గొంతు.

"ఆంటీ, ముందు నా పేరు వెతికాను. మూడొందల నలభై చోట్ల ఉంది."

"అమ్మయ్య..."

"అమ్మయ్యా? అన్నీ తిట్లే! వినండి. 'ఇవాళ కూడా అరిహియా రొయ్యలు పట్టే బుట్టల ముడి తప్పుగా వేసింది. రెండు బుట్టలు సముద్రం పాలు. దీనికి చేతులిచ్చిన దేవుడు బుర్ర ఇవ్వడం మర్చిపోయాడు.' ఇదింకోటి. 'అరిహియా హంస గుడ్లు పద్నాలుగు ఏరి, దారిలో ఆరు పగలగొట్టింది. మిగిలిన వాటితో కేకు చేస్తానంది. వద్దన్నాను. చేసింది. బాగుంది. ఆ మాట దానితో చెప్పలేదు.' చూశారా? ఊరంతటికీ చెప్పింది, నాకు తప్ప!"

నవ్వాను. తానూ నవ్వింది. అడగడానికి భయమేసినా అడిగాను.

"నువ్వు వచ్చేశాక?"

కిందికి వెతుక్కుంటూ చెప్పింది.

"వచ్చేశాక ప్రతి ఆదివారం ఒకటి రాసింది. అన్నీ ఒకేలా మొదలవుతాయి. 'అరిహియా ఫోన్ చేయలేదు.' తరవాత గాలి ఎటుందో, ఎన్ని రొయ్యలు పడ్డాయో. వారం వారం అదే, ఆంటీ. ఒక వారం మాత్రం ఇలా ఉంది. 'అరిహియా ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. మొండిఘటం. నా కడుపున పుట్టింది, ఇంకెలా ఉంటుంది?'"

అలిస్టర్ లేచి వెళ్ళి పొయ్యి మీది గిన్నె అక్కర్లేకుండానే జరిపి పెట్టాడు.

"సీటు దొరికింది," అంది చివరికి. "రేపు సాయంత్రమే క్రైస్ట్‌చర్చ్ వెళ్ళిపోతున్నా. మామయ్యకి చెప్పాను. నాలుగు మాటలు మాట్లాడతావా అంటే, అమ్మ రాసిందే ఒకటి చదువుతానన్నాను."

"మంచిపని చేశావు తల్లీ."

"కానీ ఒక మాట చెప్పాలి మీకు. అయిదు నెలలు. చచ్చిపోయిన మనిషి మీద అయిదు నెలలు కోపంగా ఉన్నాను, మీరు రాసిన ఆ ఒక్క జవాబు పట్టుకుని. ఆవిడ బట్టలు కూడా తెచ్చుకోలేదు. ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చేయమన్నాను."

తప్పయిపోయింది అన్నాను. కోడ్ గురించీ చిత్తుప్రతుల గురించీ చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ బట్టలు నేను తెచ్చివ్వలేను. తాను కూడా నన్ను ఓదార్చలేదు. ఉంటానని పెట్టేసింది.

మరునాడు పాత ఫిర్యాదు తెరిచాను. మార్చిలో రాసిన జవాబు చెరిపేయడం ఒక్క నొక్కుతో అయ్యే పని. చెరపలేదు. దాని కింద, పైన రాసింది తప్పు, లోర్నా డేమండ్ తన బ్లాగులో ఒక్క పోస్టు కూడా చెరపలేదు, ఆరువందల పద్దెనిమిదీ ఫైల్లోనే ఉన్నాయి, చదవలేకపోయింది టీచెస్ట్, చూడకుండా మాట్లాడింది మోరాగ్ అని పేరుతో సహా రాశాను. పరిష్కారమైందన్న గుర్తు తీసేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఛాతమ్స్ నుంచి ఒక సందేశం వచ్చింది.

"బుట్టల ముడి పోస్టు చదివాను. బుర్ర లేదన్న చోట అందరూ పడీ పడీ నవ్వారు. మామయ్యకయితే పొలమారింది. రాయి దగ్గర నిలబెట్టి, ఊరందరి ముందూ అమ్మ నన్ను తిట్టిపోసింది ఆంటీ. ప్రాణం కుదుటపడింది. మీ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు."

పోనక్కర్లేదని జవాబు రాశాను.